ముప్ఫై ఏళ్ళు మంచంపైనే: హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)

హజ్రత్ ఇమ్రాన్ (రజి) ఖుజాఆ తెగకు చెందిన సహాబీ. ఖైబర్ యుద్ధం జరిగిన హిజ్రీ 7లో ఇస్లాం స్వీకరించారు. మక్కా విజయం నాడు ఖుజాఆ పతాకం పట్టింది ఆయనే. ధర్మవిద్య నేర్పడానికి హజ్రత్ ఉమర్ (రజి) ఆయన్ని బస్రా పంపారు. అక్కడ కొంతకాలం ఖాజీగా పనిచేసి, ఆ పదవి వదులుకున్నారు. ముస్లింల మధ్య అంతర్యుద్ధం చెలరేగినప్పుడు ఏ పక్షానా చేరలేదు.

అలాంటి మనిషిని ఉదరవ్యాధి మంచాన పడేసింది. ముప్ఫై ఏళ్ళు బాధపడ్డారని చరిత్రకారులు రాశారు. లేవలేరు, కూర్చోలేరు. కాలకృత్యాల కోసం మంచం మధ్యలో రంధ్రం చేయవలసి వచ్చింది. ఇంట్లో మంచం పట్టిన పెద్దవారికి సేవ చేసినవారికి, ఈ ఒక్క మాట వెనుక ఎంత బాధ, ఎంత బిడియం ఉందో వేరే చెప్పనక్కర్లేదు.

శిష్యుడు ముతర్రిఫ్ (రహ్మలై) ఆయన స్థితి చూడలేక తల్లడిల్లారు. అల్లాహ్‌కు ఏది ఇష్టమో తనకూ అదే ఇష్టమని ఇమ్రాన్ (రజి) చెప్పారు. పరామర్శకు వచ్చినవారిని రోగే ఓదార్చారన్నమాట!

భరించలేని బాధలో ఉన్న రోగి కోరితే వైద్యుడే ప్రాణం తీయవచ్చన్న చట్టం నెదర్లాండ్స్‌లో 2002లో అమల్లోకి వచ్చింది. ఇలాంటి చట్టాలను వికలాంగుల హక్కుల సంఘాలు చాలా కాలంగా వ్యతిరేకిస్తున్నాయి. తమ బతుకు బతకదగ్గది కాదని ఆరోగ్యవంతులు తేల్చేయడమే వారి భయం. ఆ భయం నిజమైనదే. ఇమ్రాన్ (రజి) దగ్గరికి వచ్చినవారికి కనిపించింది మంచం. ఆయనకు అక్కడ చేయవలసిన పని ఉంది. నూటికి పైగా హదీసులు ఆయన ద్వారా మనకు అందాయి.

వాటిలో ఒకటి ప్రతి ముస్లిం ఇంటికీ అవసరమైనది. మొలల వ్యాధితో బాధపడుతూ, నమాజు ఎలా చేయాలని ఆయన దైవప్రవక్త (స)ను అడిగారు. నిలబడి చేయాలి, చేతకాకపోతే కూర్చొని, అదీ కాకపోతే పక్కకు ఒరిగి పడుకొని చేయాలన్నది దైవప్రవక్త (స) ఇచ్చిన సమాధానం. బుఖారీ గ్రంథంలో ఉన్న హదీసు ఇది. నేడు మంచంపైనే నమాజు చేసుకుంటున్న రోగి అనుసరిస్తున్నది ఇమ్రాన్ (రజి) అడిగి తెలుసుకున్న ఆ విధానాన్నే.

దైవదూతలు ఆయనకు సలాం చేసేవారు. బాధ తాళలేక వాతలు పెట్టించుకున్నప్పుడు అది ఆగిపోయింది. వాతలు మానేశాక మళ్ళీ మొదలైంది. వైద్యమే వద్దని దీని అర్థం కాదు. దైవప్రవక్త (స) వారించింది వాతల్ని. మందు వాడమనే ఆయన బోధించారు. ఈ సలాం సంగతి తాను బతికుండగా ఎవరికీ చెప్పవద్దని ముతర్రిఫ్‌ను ఇమ్రాన్ (రజి) కోరారు.

హిజ్రీ 52లో, అంటే క్రీ.శ. 672లో బస్రాలో పరమపదించారు. తనను ఖననం చేసి తిరిగి వచ్చాక జంతువును కోసి జనానికి భోజనం పెట్టమని ముందే వసీయత్ చేశారు.