శిశుప్రాణ రక్షకుడు ఎమిల్ బేరింగ్

గొంతులో తెల్లని పొర యేర్పడి, ఊపిరి సలుపక పసిపిల్లలు ప్రాణములు విడుచు వ్యాధికి కంఠసర్పి యని పేరు. పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపా ఖండమందు ఇది ఏటేట వేలకొలది శిశువులను పొట్టన బెట్టుకొనుచుండెను. దీనికి విరుగుడు కనుగొన్నవారిలో అగ్రగణ్యుడు ఎమిల్ బేరింగ్.

ఆయన 1854వ సంవత్సరము మార్చి 15వ తేదీన పశ్చిమ ప్రష్యాలోని హాన్స్‌డార్ఫ్ గ్రామమున ఒక బడిపంతులుగారి యింట జన్మించెను. పెద్ద సంసారము, వైద్యవిద్య చెప్పించు స్తోమత తండ్రికి లేకుండెను. అందుచే ఆయన బెర్లిన్ నగరములోని సైనిక వైద్యకళాశాలలో ఉచితముగ చదివి, అందులకు బదులుగ పెక్కేండ్లు సైన్యమున వైద్యుడుగ పనిచేసెను.

1889లో రాబర్టు కాక్ పండితుని పరిశోధనాలయమున చేరెను. మొదట రసాయనములతో వ్యాధిక్రిములను చంపజూచెను. కాని ఆ మందులు జంతువులకును హాని చేయుచుండెను. అయినను బ్రతికి బయటపడిన కొలది జంతువులకు ఆ వ్యాధి మరల సోకకుండుట ఆయన గమనించెను. వాని రక్తమునుండి తేరిన ద్రవమును, అనగా సీరమును, వేరొక జంతువునకు ఎక్కింపగా దానికిని రక్షణ కలిగెను. క్రిమి విడుచు విషమును విరిచివేయు పదార్థము ఆ రక్తమున పుట్టుచున్నదని తేలెను. నేడు ప్రతిరక్షకము లనబడునవి యివియే. ధనుర్వాతము విషయమున ఇట్టి పరిశోధనయే చేసిన జపాను శాస్త్రజ్ఞుడు కిటసాటోతో కలిసి, 1890 డిసెంబరులో ఆయన ఈ సంగతిని లోకమునకు వెల్లడించెను.

అయితే ఆ సీరము ఒకమారు బలముగను, ఒకమారు బలహీనముగను ఉండెడిది. పాల్ ఎర్లిక్ అను శాస్త్రజ్ఞుడు దాని బలమును సరిగా కొలుచు పద్ధతి నేర్పరచెను. పారిస్ నగరమున రూ అను వైద్యుడు గుర్రములనుండి తీసిన సీరమును వాడగా, 1894లో ఆస్పత్రియందలి కంఠసర్పి మరణములు సుమారు సగమునకు తగ్గెను.

1901లో వైద్యశాస్త్రమున ప్రప్రథమ నోబెలు బహుమానము బేరింగునకు ఒక్కనికే లభించెను. కిటసాటోకు భాగము దక్కలేదు. ఎర్లిక్‌తో స్నేహమును చెడెను. క్షయవ్యాధికి మందు కనుగొన ఏండ్లతరబడి శ్రమించియు బేరింగ్ కృతార్థుడు కాలేదు. అయినను మొదటి ప్రపంచయుద్ధమున గాయపడిన సైనికుల నెందరినో ధనుర్వాతపు సీరము కాపాడుట చూచి, 1917 మార్చి 31న మార్బుర్గ్ నగరమున పరమపదించెను.

నేడు మన ఆస్పత్రులలో పాముకాటునకు ఇచ్చు విరుగుడుమందు సైతము గుర్రముల రక్తమునుండి ఈ మార్గముననే తయారగుచున్నది. పొలమున పాము కరచిన రైతు ప్రాణములు దక్కి యిల్లు చేరినపుడు, అందు ఆ బడిపంతులుగారి కుమారుని కృషియు, పేరు పంచుకొనజాలకపోయిన సహచరుల కృషియు కలదు.