ఆటరాళ్లు, నాటకశాల, రెక్కలు: ఓట్టో లిలియెంటాల్ జీవితము

రైటు సోదరుల పేరు ఎఱుగని విద్యార్థి మన పాఠశాలలో నుండడు. 1903వ సంవత్సరము డిసెంబరు 17వ తేదీన వారు ఇంజనుతో నడచు విమానమున నెగిరిరని పాఠ్యగ్రంథములు చెప్పుచున్నవి. వారికి ముందు, ఇంజను లేకుండ, భుజములకు రెక్కలు తగిలించుకొని కొండ మీదనుండి గాలిలోనికి దుమికి, కొంతదూరము తేలి, మఱల క్షేమముగా నేల దిగుటను వేలకొలది పర్యాయములు అభ్యసించిన జర్మను ఇంజనీరు ఓట్టో లిలియెంటాల్. ఇంతమట్టుకు చాలమంది విని యుందురు. పిల్లలు ఇండ్లు కట్టి ఆడుకొను చిన్న చిన్న రాతి ఇటుకలను తమ్మునితో కలిసి కల్పించినవాడును ఈతడే. పేద కార్మికుల కొఱకు నాటకశాల నడపి, తానే నాటకము వ్రాసి, వేషము సైతము కట్టినవాడును ఈతడే. ఈ రెండు సంగతులు అంతగా వ్యాప్తిలోనికి రాలేదు. అందుచే ఈ వ్యాసమున వానికే ఎక్కువ చోటు ఇచ్చుచున్నాను.

ఓట్టో 1848వ సంవత్సరము మే 23వ తేదీన, ప్రష్యా రాజ్యమునందలి పొమెరేనియా ప్రాంతమున, ఆంక్లాం అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి బట్టల వర్తకుడు. లెక్కలన్నను యంత్రములన్నను మక్కువ గలవాడు. తల్లి కరోలిన్ సంగీతము నేర్చినది. ఆ దంపతులకు ఎనమండుగురు బిడ్డలు కలిగినను దక్కినవారు ముగ్గురే: ఓట్టో, అతని తమ్ముడు గుస్తావ్, చెల్లెలు మేరీ. వర్తకము సాగక, కుటుంబముతో అమెరికాకు వలసపోవ నెంచుచున్న సమయమున, 1861లో తండ్రి మరణించెను. ప్రయాణము ఆగిపోయెను. తల్లి ఒక్కతెయే ఆ ముగ్గురిని పెంచి చదివించినది.

ఆంక్లాం చుట్టును పచ్చిక బయళ్లు, చిత్తడి నేలలు. అక్కడికి వచ్చు కొంగలు గాలికి ఎదురుగా రెక్కలు విప్పి, పెద్దగా ఆడింపకయే పైకి లేచుట అన్నదమ్ములిద్దరును గంటలకొలది చూచెడివారు. పలుచని పలకలతో రెక్కలు చేసి చేతులకు కట్టుకొని పరుగెత్తి చూచిరి. తోడి పిల్లలు నవ్వుదురని ఈ ప్రయోగములు రాత్రివేళ చేసిరట. ఆ రెక్కలతో ఒక్క అడుగైనను ఎగురలేదు. కాని ఆ కోరిక వారిని విడువలేదు.

ఓట్టో పోట్స్‌డాం పట్టణపు వృత్తి పాఠశాలలోను, తరువాత బెర్లిను నగరపు పారిశ్రామిక విద్యాలయములోను చదివి, 1870లో చదువు ముగించి, ఆ యేటనే ఫ్రాన్సుతో జరిగిన యుద్ధమునకు స్వచ్ఛందముగా పోయి, తిరిగివచ్చి యంత్రముల కర్మాగారమున ఉద్యోగమున చేరెను. గుస్తావ్ గృహనిర్మాణము నేర్చుకొనెను. ఒకరిది యంత్రవిద్య, ఒకరిది కట్టడపు విద్య. ఈ రెండును కలిసిన చోట పుట్టినవే ఆ ఆటరాళ్లు.

అంతకుముందు జర్మనీలో ఫ్రీడ్రిష్ ఫ్రోబెల్ అను విద్యావేత్త, చిన్నపిల్లల చదువునకు కొయ్య దిమ్మెలను ప్రవేశపెట్టి యుండెను. కొయ్య తేలిక, తడికి ఉబ్బును, ఎండకు వంగును. వానితో ఎత్తయిన గోడ కట్టిన చేయి తగిలినంతనే చెదరును. అసలు కట్టడపు రాతివలె బరువును, నునుపును, సరియైన అంచులును గల దిమ్మెలు చేయవలెనని సోదరులు 1870 దశకపు చివర ప్రయత్నించిరి. పలుగురాతి ఇసుక, సుద్ద, అవిసె నూనె కలిపి అచ్చులలో గట్టిగా నొక్కి ఆరబెట్టిరి. ఇటుకకు ఎఱుపు, ఇసుకరాతికి లేత పసుపు, ఇంటికప్పు పలకకు నీలి బూడిదరంగు: ఈ మూడు రంగులు కలిపిరి. అచ్చముగా చిన్న రాళ్లే తయారయినవి.

కనిపెట్టుట కుదిరినది గాని అమ్ముట కుదరలేదు. సోదరులకు పెట్టుబడి లేదు. 1880లో రూడోల్‌ష్టాట్ పట్టణపు వ్యాపారి ఫ్రీడ్రిష్ అడోల్ఫ్ రిష్టర్ ఆ తయారీ రహస్యమును సుమారు 1000 మార్కులకు కొనెను. ఆతడు మందులు అమ్మి ధనికుడయినవాడు. లంగరు ఆతని వ్యాపార చిహ్నము. ఆ లంగరు గుర్తుతోనే ఆ రాళ్లు లక్షలకొలది పెట్టెలుగా దేశదేశములకు పోయినవి. గుస్తావ్ చెల్లెలితో ఆస్ట్రేలియాకు పోయి, 1885లో తిరిగివచ్చిన తరువాత అన్నదమ్ములు మఱల అట్టి రాళ్లు చేయబూనిరి. రిష్టర్ న్యాయస్థానమున వ్యాజ్యము వేసెను. సోదరులు ఓడిపోయిరి, చేతి సొమ్ము కూడ పోయెను. తాము కన్న బిడ్డను తామే ఎత్తుకొనరాదని తీర్పు వచ్చినట్లయినది. చట్టమునుబట్టి రిష్టర్ తప్పు చేసెనని చెప్పలేము. అయినను ఆ పెట్టెల వెనుకనున్న ఇద్దరి పేర్లు పిల్లలకు తెలియకుండుట నాకు మాత్రము న్యాయముగా తోచదు.

ఆ రాళ్ల గుణము తెలియవలెనన్న వానితో ఒక నాటకశాల నమూనా కట్టుట ఎట్లో ఆలోచింపుడు. ఇల్లు కట్టుట సులభము. నాలుగు గోడలు చాలును. నాటకశాల అట్లు గాదు. లోపల పెద్ద ఖాళీ కావలెను, ఆ ఖాళీలో ప్రతివానికిని రంగస్థలము కనబడవలెను.

పెద్దపాటి రాళ్లలో మూల ఘనము ఒక్కొక్క వైపు 25 మిల్లీమీటర్లు. దానిలో సగములు, స్తంభములు, కమాను ముక్కలు, ముక్కోణపు రాళ్లు వేరుగా నుండును. ఒక ఘనపు అంచును 1 మీటరుగా లెక్కించిన, నమూనా అసలు దానిలో 40వ వంతు అగును. 160 సెంటీమీటర్ల మనిషి 4 సెంటీమీటర్ల కాగితపు బొమ్మ యగును. 8 మీటర్ల వెడల్పుగల రంగస్థల ద్వారము 8 ఘనములు, అనగా 20 సెంటీమీటర్లు. రంగస్థలపు నేల ఒక ఘనము ఎత్తు. ముందుగా గళ్ల కాగితముపై నేలమట్టపు పటమును, తరువాత నిలువుకోత పటమును గీచుకొనవలెను. పటము లేక మొదలిడినవాడు సగములో రాళ్లు చాలక నిలిచిపోవును. రిష్టర్ పెట్టెలతో పటముల పుస్తకములు కూడ వచ్చెడివి.

మొదటి చిక్కు ఆ 20 సెంటీమీటర్ల ద్వారము. రాయి పైనుండి పడు బరువును ఎంతయైనను మోయును గాని, రెండు చివరలపై నిలిపి నడుమ బరువు పెట్టిన విఱుగును. ఈ రాళ్లకు జిగురు లేదు, ఒకదానిలో ఒకటి చొప్పించు గుబ్బలు లేవు. బరువు, రాపిడి, సమతూకము, ఈ మూటిచేతనే అవి నిలుచును. కాబట్టి ద్వారముపై కమాను కట్టవలెను, లేదా ప్రతి వరుసను క్రింది వరుసకంటె కొంచెము ముందునకు జరుపుచు, వెనుక కొసపై బరువు పెట్టుచు, రెండు ప్రక్కలను నడుమకు చేర్చవలెను. కమాను కట్టునపుడు నడిమి రాయి పడువరకు క్రింద అట్టముక్క ఆధారముగా నుంచి, పిదప మెల్లగా లాగివేయవలెను. మన తాపీమేస్త్రీలు సెంట్రింగు తీయుట యిదియే. కమాను ప్రక్కగోడలను బయటికి నెట్టును. అందుచే ద్వారమునకు ఇరుప్రక్కల బరువైన మెట్ల బురుజులు నిలుపవలెను. చూపునకు అలంకారము, పనికి ఊతము.

రెండవ చిక్కు ప్రేక్షకుల చోటు. వెనుక వరుసలను బొమ్మల కొలువు మెట్లవలె ఎత్తుచు పోవలెను. ఎంత ఎత్తవలెనో తెలిసికొనుటకు ఒక నూలుపోగు చాలును. చివరి మెట్టుపై కాగితపు బొమ్మను కూర్చుండబెట్టి, దాని కంటినుండి రంగస్థలపు అంచువఱకు నూలును బిగువుగా పట్టవలెను. నడుమ కూర్చున్న బొమ్మల తలలకు అది తగిలిన ఆ మెట్టు చాలదు. సగము రాయి చేర్చవలెను. గ్యాలరీ క్రింద స్తంభము నిలిపినచో దాని వెనుక కూర్చున్నవారు నాటకమునకు బదులు స్తంభమును చూతురు. నాటకశాలను ముందువరుసనుండి గాక, తక్కువ వెలకు చీటి కొన్నవాడు కూర్చుండు చిట్టచివరి మెట్టునుండి కొలుచుకొనుచు రావలెనని నా అభిప్రాయము.

విశాలమైన కప్పును రాళ్లతో మూయుట సాధ్యము కాదు. పైన అట్ట పరచుటయో, తెఱచి యుంచి లోపలిది చూపుటయో మేలు. తెర పైకి లేచుటకు రంగస్థలపు గది మాత్రము ప్రేక్షకశాల కంటె బాగుగా ఎత్తుండవలెను. ముఖభాగమునకు మాదిరి కావలెనన్న బెర్లినులోనే యున్నది. షింకెల్ అను శిల్పి రూపొందించగా 1821లో తెఱచిన నాటకశాలకు వెడల్పయిన మెట్లు, ఆరు స్తంభముల ముఖమండపము, దానిపై ముక్కోణపు శిఖరము కలవు. మన పిల్లలకు లంగరు రాళ్లు దొరకకపోయినను, వడ్రంగి యొద్ద మిగిలిన కొయ్యముక్కలను ఒకే కొలతకు కోయించుకొనిన ఈ పని అంతయు చేయవచ్చును. కొయ్య తేలిక గనుక గోడలు కొంచెము దళసరిగా నుండవలెను, అంతే.

లిలియెంటాల్ కథకు మఱల వత్తము. ఆటరాళ్లు చేజారిన పిమ్మట ఆతడు ప్రేలిపోని చిన్న ఆవిరి బాయిలరును రూపొందించి, 1880 దశకపు మొదట బెర్లినులో సొంత కర్మాగారము పెట్టెను. చిన్న చిన్న పనివారు కూడ పెట్టుకొనదగిన ఇంజను అది. దానితో ఆతనికి స్థిరమైన రాబడి కలిగెను. 1890లో ఆతడు కర్మాగారపు లాభమున నూటికి 25 వంతులు పనివారికి పంచునట్లు ఏర్పాటు చేసెను. ఆ కాలపు యజమానులలో ఇట్టివారు అరుదు.

ఆ పిదప కొలది కాలమునకే నాటకశాల పని పైబడెను. బెర్లిను నగరపు తూర్పు భాగమున, కార్మికులు దట్టముగా నివసించు పేటలో ఓస్ట్‌ఎండ్ అను నాటకశాల యుండెను. లిలియెంటాల్ అందు భాగస్వామియై, మంచి నాటకములు పేదవారికి కూడ అందవలెనని 10 ఫెన్నిగులకు చీటి అమ్మించెను. 100 ఫెన్నిగులు ఒక మార్కు. అనగా మార్కులో పదవ వంతునకు ఒక కార్మికుడు గొప్ప నాటకమును చూడగలిగెను. వ్యాపారపు మోసముల గుఱించి, నవీన దోపిడి వీరులను అర్థము వచ్చు పేరుతో తానొక నాటకము వ్రాసెను. కొన్ని మారులు తానే రంగమెక్కెను. పగలు బాయిలర్లు, సాయంకాలము నాటకము, ఆదివారము కొండమీద రెక్కలు. అతని భార్య ఆగ్నెస్, నలుగురు బిడ్డలు ఈ హడావుడినంతటిని ఎట్లు భరించిరో గాని, చరిత్రకారులు వారిని గుఱించి చెప్పినది తక్కువ.

రెక్కల పని మాత్రము ఆటగా సాగలేదు. సోదరులు గిఱ్ఱున తిరుగు కొయ్యచేతికి రెక్కల నమూనాలు కట్టి, గాలి ఎంత బలముతో పైకెత్తునో ఏండ్ల తరబడి తూచిరి. చదునైన రెక్కకంటె కొంచెము వంపుగల రెక్క మేలని లెక్కతో సహా తేల్చిరి. ఆ ఫలితములను ఓట్టో 1889లో పక్షుల ఎగురుటను గుఱించిన గ్రంథముగా ప్రకటించెను. 1891లో డెర్విట్స్ గ్రామమునొద్ద సుమారు 25 మీటర్లు తేలెను. 1893 నాటికి రినోవ్ కొండలలో 250 మీటర్లవఱకు పోగలిగెను. 1894లో బెర్లిను ప్రక్కనున్న లిష్టర్‌ఫెల్డెలో, ఒక ఇటుకల బట్టీ యొద్ద త్రవ్విపోసిన మట్టితో 15 మీటర్ల ఎత్తుగల గుట్టను పోయించుకొనెను. గాలి ఏ దిక్కునుండి వీచినను దుముకవచ్చును. కొయ్యబద్దల చట్రమునకు నూలుబట్ట కప్పిన ఆ యంత్రము సుమారు 20 కిలోగ్రాముల బరువు. దానిని ఇతరులకు కూడ అమ్మెను.

ఆ యంత్రమునకు చుక్కాని పట్టు మీటలు లేవు. మోచేతులపై వ్రేలాడుచు, కాళ్లను ముందునకును వెనుకకును, ప్రక్కలకును ఊపి, తన శరీరపు బరువుతోనే సమతూకము నిలుపవలెను. ఇట్లు సుమారు 2000 మారులు ఎగిరెను. 1896వ సంవత్సరము ఆగస్టు 9వ తేదీన, ష్టోల్న్ గ్రామమునొద్ద గోలెన్‌బెర్గ్ కొండపై ఎగురుచుండగా ఒక గాలితెర యంత్రపు ముక్కును పైకెత్తెను. వేగము తగ్గి యంత్రము గాలిలో నిలిచిపోయెను. ఆతడు కాళ్లు ముందునకు విసరినను బరువు చాలలేదు. సుమారు 15 మీటర్ల ఎత్తునుండి పడి మెడ యెముక విఱిగెను. మఱునాడు బెర్లినులో ప్రాణము విడిచెను. వయస్సు 48 సంవత్సరములు.

ఆ మరణవార్త అమెరికాలో సైకిళ్లు చేయుచున్న విల్బర్, ఓర్విల్ రైటులను కదలించెను. వారు ఆతని కొలతల పట్టికలను ఆధారముగా గైకొని పని మొదలుపెట్టి, 1901లో తమ గాలిసొరంగమున మఱల పరీక్షించి, తమకు వలసిన క్రొత్త లెక్కలు కట్టుకొనిరి. శరీరము ఊపుటకు బదులు రెక్కలనే మెలిత్రిప్పి సమతూకము నిలుపు మార్గమును కనుగొనిరి.

గుస్తావ్ 1933వఱకు జీవించి, పక్షివలె రెక్కలాడించు యంత్రము కొఱకు ముసలితనమునందును శ్రమపడెను. రూడోల్‌ష్టాట్‌లో ఆటరాళ్ల తయారీ 1963లో నిలిచిపోయెను. 1995లో అదే ఊరిలో మఱల ఆరంభించినపుడు, పనివారు ఇసుక, సుద్ద, అవిసె నూనె కలిపియే అచ్చులు నింపిరి.