యల్లాప్రగడ సుబ్బారావు

సుబ్బారావు 1895 జనవరి 12న గోదావరి సీమలోని భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్‌లో మూడవ ప్రయత్నంలో గాని ఉత్తీర్ణులు కాలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖాదీ ధరించి శస్త్రచికిత్సాచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఎం.బి.బి.ఎస్. రావలసినచోట ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. 1923లో మామగారి సాయంతో, భార్యను స్వదేశంలోనే ఉంచి అమెరికాకు పయనమయ్యారు. మరల ఆయన మాతృభూమిని చూడలేదు.

బోస్టన్ నగరంలో, ఆసుపత్రిలో రాత్రివేళ చిన్న పనులు చేసి పొట్ట పోసుకుంటూ హార్వర్డ్‌లో పరిశోధనకు పూనుకున్నారు. ఆచార్య ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు. ద్రవంలో ఏర్పడే నీలిరంగు గాఢతే దానికి కొలమానం. అయితే కండరాల నుండి తీసిన ద్రవంలో ఆ రంగు ఆలస్యంగా వచ్చేది. మరొకరైతే పొరపాటని వదిలివేసేవారేమో! వారు ఆ ఆలస్యాన్నే పట్టుకొని శోధించి, 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను ప్రకటించారు. కండరం పనిచేసినపుడు అది విచ్ఛిన్నమై, విశ్రాంతిలో తిరిగి కూడుకుంటుంది. లాక్టిక్ ఆమ్లమే సంకోచానికి మూలమన్న నాటి నమ్మకం దీనితో సడలసాగింది. 1929లో వారు ఏటీపీని కూడా కనుగొన్నారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ స్వతంత్రంగా దానిని గుర్తించారు.

ఏటీపీ చేసే పని ఎట్టిది? కండరపు పోగులో ఆక్టిన్, మయోసిన్ అనే ప్రోటీన్ తంతువులుంటాయి. నాడీప్రేరణ అందగానే కాల్షియం విడుదలై ఆక్టిన్‌పై ఉన్న అడ్డును తొలగిస్తుంది. మయోసిన్ తలలు ఆక్టిన్‌ను పట్టి లాగుతాయి. తంతువులు కురుచ కాకుండానే ఒకదాని వెంట ఒకటి జారి కండరం ముడుచుకుంటుంది. ఆ లాగుడుకు శక్తి ఏటీపీదే. విచిత్రమేమంటే, పట్టు విడవడానికీ ఏటీపీయే కావాలి. కొత్త అణువు వచ్చి చేరితే గాని మయోసిన్ ఆక్టిన్‌ను వదలదు. కాల్షియాన్ని తిరిగి అరలలోకి తోడిపోసేదీ ఆ శక్తే. సడలడమంటే ఊరక ఉండడమని మనం భావిస్తాం గాని, అదీ ఖర్చుతో కూడిన పనియే. మరణానంతరం దేహం కొయ్యబారడానికి ఏటీపీ అడుగంటడమే కారణం. బ్రతికి ఉన్నంతకాలం, ఖర్చయిన ఏటీపీని క్షణాలలో పూరించే నిల్వ ఫాస్ఫోక్రియాటిన్.

ఇంతటి కృషి చేసినా సుబ్బారావుకు హార్వర్డ్‌లో శాశ్వతోద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లే ప్రయోగశాలలో చేరి, ఫోలిక్ ఆమ్లం, ల్యుకేమియా చికిత్సకు వాడిన అమినోప్టెరిన్, ఆరియోమైసిన్ వంటి ఔషధాల పరిశోధనలకు సారథ్యం వహించారు. 1948 ఆగస్టులో గుండెపోటుతో కన్నుమూశారు. తంతువుల జారుడును ఇంగ్లండు శాస్త్రవేత్తలు 1954లో లోకానికి వెల్లడించేనాటికి ఆయన గతించి ఆరేండ్లయింది.