అయర్టన్ సెన్నా

అయర్టన్ సెన్నా డ సిల్వా (మార్చి 21, 1960 - మే 1, 1994) బ్రెజిల్ దేశానికి చెందిన సుప్రసిద్ధ కారు పందెముల చోదకుడు. ఫార్ములా వన్ పోటీలలో 1988, 1990, 1991 సంవత్సరాలలో ప్రపంచ విజేతగా నిలిచాడు. 161 పోటీలలో పాల్గొని 41 పోటీలు గెలిచాడు. 65 పర్యాయాలు అందరికంటే ముందు స్థానం నుండి పోటీ ప్రారంభించాడు. ఇతని ఫార్ములా వన్ విజయాల గురించి చాలామందికి తెలుసు. అయితే ఆ స్థాయికి చేరుకొనడానికి ముందు 1983లో ఇంగ్లండులో జరిగిన బ్రిటిష్ ఫార్ములా త్రీ పోటీలలో ఇతడు చూపిన ప్రతిభ, చేసిన తప్పులు, వాటినుండి కోలుకున్న తీరు ఇతని జీవితంలో ముఖ్యమైన ఘట్టం. అందుచేత ఈ వ్యాసంలో ఆ సంవత్సరానికి ఎక్కువ స్థలం కేటాయించబడింది.

బాల్యము

సెన్నా బ్రెజిల్‌లోని సావో పాలో నగరంలో సంపన్న కుటుంబంలో జన్మించాడు. తండ్రి మిల్టన్ డ సిల్వా లోహపు విడిభాగాల కర్మాగారానికి, వ్యవసాయ క్షేత్రాలకు యజమాని. తల్లి నెయిడె సెన్నా. అక్క వివియాన్, తమ్ముడు లియొనార్డో. ఇంట్లో ఇతనిని బెకో అనే ముద్దుపేరుతో పిలిచేవారు. నాలుగేళ్ళ వయసులో తండ్రి గడ్డికోత యంత్రపు ఇంజను అమర్చి ఒక చిన్న కార్ట్ బండి తయారు చేయించి ఇచ్చాడు. నడకలో తడబడే పిల్లవాడు ఆ బండి ఎక్కగానే తడబాటు మరచిపోయేవాడని కుటుంబ సభ్యులు చెప్పేవారు.

పదమూడేళ్ళ వయసులో ఇంటర్లాగోస్ మైదానంలో కార్ట్ పోటీలలో ప్రవేశించాడు. ఒకసారి వర్షంలో జరిగిన పోటీలో ఘోరంగా ఓడిపోయిన తరువాత, వాన పడినప్పుడల్లా బండి తీసుకొని సాధనకు వెళ్ళేవాడని ప్రతీతి. తరువాతి కాలంలో తడి రోడ్డు మీద ఇతనికి సాటి లేరన్న పేరుకు పునాది అక్కడే పడింది. 1977లో దక్షిణ అమెరికా కార్టింగ్ విజేత అయ్యాడు. ప్రపంచ కార్టింగ్ పోటీలలో 1979, 1980 సంవత్సరాలలో రెండవ స్థానంతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఆ పోటీలలో ఎన్నడూ ప్రథమ స్థానం దక్కకపోవడం ఇతనికి చివరివరకు తీరని కొరతగానే మిగిలింది.

ఇంగ్లండు ప్రయాణము

ఆ రోజులలో ఫార్ములా వన్‌లో ప్రవేశించదలచిన బ్రెజిల్ యువకులకు ఇంగ్లండు రాజమార్గం. ఎమర్సన్ ఫిట్టిపాల్డి 1969లోనూ, నెల్సన్ పికే 1978లోనూ అక్కడి ఫార్ములా త్రీ గెలిచి పైకి వెళ్ళినవారే. సెన్నా కూడా 1981లో భార్య లిలియాన్‌తో కలిసి ఇంగ్లండు చేరి, వాన్ డీమెన్ జట్టు తరపున ఫార్ములా ఫోర్డ్ 1600 పోటీలలో పాల్గొని రెండు పోటీమాలలు గెలిచాడు. అయినప్పటికీ ధనసహాయం చేసే సంస్థలు దొరకలేదు. కొడుకు తన వ్యాపారం చూసుకోవాలని తండ్రి కోరిక. ఆ ఏడాది చివర పందెములకు స్వస్తి చెబుతున్నట్లు ప్రకటించి స్వదేశం వెళ్ళిపోయాడు. కాని వ్యాపారంలో మనసు నిలువలేదు. 1982లో తిరిగి వచ్చి ఫార్ములా ఫోర్డ్ 2000లో బ్రిటిష్, యూరోపియన్ పోటీలు రెండూ గెలుచుకున్నాడు. వివాహబంధం మాత్రం నిలువలేదు. డ సిల్వా అనే ఇంటిపేరు బ్రెజిల్‌లో చాలా సాధారణం కాబట్టి, తల్లి పుట్టింటి పేరైన సెన్నాను వ్యవహారనామంగా స్వీకరించాడు.

1983 బ్రిటిష్ ఫార్ములా త్రీ పోటీలు

ఫార్ములా త్రీ అనేది యువ చోదకులను పై స్థాయికి సిద్ధం చేసే పోటీ. చక్రాలు బయటికి కనబడే ఒంటి సీటు కార్లు వాడతారు. ఆ కాలపు నియమాల ప్రకారం ఇంజను పరిమాణం రెండు లీటర్లు. ఇంజనులోనికి గాలి పోయే మార్గాన్ని 24 మిల్లీమీటర్లకు కుదించేవారు. ఆ కారణంగా శక్తి పరిమితమై, అందరి కార్లూ దాదాపు సమానంగా ఉండేవి. ఒక మలుపులో పోగొట్టుకున్న వేగాన్ని ఇంజను బలంతో తిరిగి సంపాదించడం సాధ్యం కాదు. అందువల్ల చోదకుని నైపుణ్యం ఇక్కడ బాగా బయటపడుతుంది.

1982లో సెన్నాకు మొదటిసారి ఫార్ములా త్రీ కారు నడిపి చూసే అవకాశం ఇచ్చినవాడు ఎడ్డీ జోర్డాన్. కాని సెన్నా డిక్ బెన్నెట్స్ నడిపే వెస్ట్ సర్రే రేసింగ్ జట్టును ఎంచుకున్నాడు. అదే ఏడాది నవంబరులో థ్రక్స్‌టన్‌లో జరిగిన ఒక విడి పోటీలో ఆ జట్టు కారుతో పాల్గొని మొదటి ప్రయత్నంలోనే గెలిచాడు. జోర్డాన్ జట్టుకు మార్టిన్ బ్రండిల్ అనే ఇంగ్లండు యువకుడు నాయకుడయ్యాడు. ఇద్దరివీ రాల్ట్ ఆర్‌టీ3 కార్లే. ఇద్దరివీ టయోటా ఇంజన్లే.

పోటీమాలలో మొత్తం 20 పోటీలు. మొదటి స్థానానికి 9 పాయింట్లు, రెండవ స్థానానికి 6, మూడవ స్థానానికి 4, అత్యంత వేగవంతమైన చుట్టుకు అదనంగా ఒకటి. మార్చి 6న సిల్వర్‌స్టోన్‌లో మొదటి పోటీ సెన్నా గెలిచాడు. తరువాత థ్రక్స్‌టన్, డోనింగ్‌టన్, బ్రాండ్స్ హాచ్, మరల సిల్వర్‌స్టోన్ - ఇలా మే నెలాఖరు వరకు జరిగిన తొమ్మిది పోటీలనూ వరుసగా గెలిచాడు. పత్రికలవారు సిల్వర్‌స్టోన్‌కు సిల్వాస్టోన్ అని హాస్యంగా పేరు పెట్టారు. పోటీ ఆరంభమైన మొదటి చుట్టులో, టైర్లు ఇంకా వేడెక్కకముందే, ఇతడు మిగిలినవారికి అందనంత దూరం వెళ్ళిపోయేవాడు. ఇక పోటీమాల ముగిసినట్లేనని అందరూ భావించారు.

ఈ తొమ్మిది పోటీలలో బ్రండిల్ పలుమార్లు రెండవ స్థానంలో నిలిచాడు. ఓడినా నిరుత్సాహపడక పాయింట్లు కూడబెట్టుకుంటూ వచ్చిన అతని ఓర్పును చరిత్రకారులు తగినంతగా మెచ్చుకోలేదనిపిస్తుంది. జూన్ 12న యూరోపియన్ పోటీతో కలిపి సిల్వర్‌స్టోన్‌లో జరిగిన పోటీలో బ్రండిల్ గెలిచాడు. సెన్నా రోడ్డు వదలి పోటీ నుండి తప్పుకున్నాడు. అక్కడినుండి కథ తిరగబడింది. తరువాతి వారం కాడ్‌వెల్ పార్క్‌లో, అర్హత పరుగులో అప్పటికే మొదటి స్థానం దక్కినా, ఆ సమయాన్ని ఇంకా తగ్గించాలనే పట్టుదలతో కారును రోడ్డు పక్కనున్న మార్షల్ స్థావరానికి కొట్టాడు. కారు పనికిరాకుండా పోయి, అసలు పోటీలో పాల్గొనలేకపోయాడు. జూలై 3న స్నెటర్టన్‌లో బ్రండిల్‌ను దాటబోయి ఢీకొని పోగొట్టుకున్నాడు. ఆగస్టు 6న ఔల్టన్ పార్క్‌లో సందు లేనిచోట దూరబోగా, సెన్నా కారు ఏకంగా బ్రండిల్ కారు మీదికి ఎక్కింది. ఇద్దరూ క్షేమంగా బయటపడటం అదృష్టమే. ఆ పోటీని కాల్విన్ ఫిష్ గెలుచుకున్నాడు. సెప్టెంబరులో అదే ఔల్టన్ పార్క్‌లో సెన్నా మరొకసారి ప్రమాదానికి గురయ్యాడు.

కారణం వెతకడానికి దూరం పోనక్కరలేదు. రెండవ స్థానానికి వచ్చే 6 పాయింట్లు విలువైనవని సెన్నా ఒప్పుకోలేదు. ఆగి ఆరు పాయింట్లు తీసుకొనవలసిన చోట తొమ్మిదికి పోయి సున్నాతో తిరిగివచ్చాడు. మధ్యలో జూలై 16న, ఆగస్టు 29న సిల్వర్‌స్టోన్‌లో గెలిచినా, జారుడు ఆగలేదు. అక్టోబరు 2న సిల్వర్‌స్టోన్‌లో బ్రండిల్ గెలువగా, సెన్నా ఈసారి రెండవ స్థానం తీసుకొని ఊరుకున్నాడు. అయినప్పటికీ ఒకే ఒక పోటీ మిగిలి ఉండగా బ్రండిల్ ఒక పాయింటు ఆధిక్యంలోకి వచ్చాడు. మే నెలలో ఈ మాట ఎవరైనా చెప్పి ఉంటే నవ్విపోయేవారు.

చివరి పోటీ అక్టోబరు 23న థ్రక్స్‌టన్‌లో. సెన్నా తన ఇంజనును స్వయంగా ఇటలీలోని నోవామోటార్ కర్మాగారానికి తీసుకువెళ్ళి బాగు చేయించుకొని వచ్చాడు. ఇంజనులోని నూనె తగినంత వేడెక్కితేగాని పూర్తి శక్తి రాదు. శరత్కాలపు చలిలో అది ఆలస్యమవుతుంది. అందుచేత నూనెను చల్లబరచే రేడియేటరు గాలిమార్గాన్ని అంటుపట్టీతో మూసివేశారు. అయితే కొన్ని చుట్ల తరువాత పట్టీ తీయకపోతే నూనె మితిమీరి కాగి ఇంజను పాడవుతుంది. జట్టువారు తరువాత వెల్లడించిన దాని ప్రకారం, సెన్నా పోటీ మధ్యలో నడుముపట్టీలు విప్పుకొని, బయటికి వంగి, చేత్తో ఆ పట్టీని పీకివేసి, తిరిగి స్టీరింగు పట్టుకున్నాడు. ఇది సాహసమా, మూర్ఖత్వమా అనేది పాఠకులే నిర్ణయించుకోవచ్చు. అప్పటికే ముందున్న సెన్నాను తరువాత ఎవ్వరూ అందుకోలేకపోయారు. డేవీ జోన్స్ రెండవ స్థానంలోనూ, బ్రండిల్ మూడవ స్థానంలోనూ ముగించారు. తక్కువ ఫలితాలు కొన్నింటిని లెక్కనుండి తీసివేసే నియమం వల్ల బ్రండిల్ మొత్తం పెరగలేదు. తుది లెక్కలో సెన్నాకు 132, బ్రండిల్‌కు 123 పాయింట్లు వచ్చాయి.

నవంబరు 20న మకావ్ గ్రాండ్ ప్రి మొదటిసారిగా ఫార్ములా త్రీ నియమాలతో జరిగింది. ఇరుకైన ఆ నగర వీధులు సెన్నాకు కొత్త. అయినా రెండు భాగాలుగా జరిగిన ఆ పోటీని కూడా గెలిచాడు.

ఫార్ములా వన్

1983 జూలైలోనే విలియమ్స్ జట్టు ఇతనికి డోనింగ్‌టన్‌లో ఫార్ములా వన్ కారు నడిపే అవకాశం ఇచ్చింది. పెద్ద జట్లలో చోటు కుదరక 1984లో టోల్‌మన్ అనే చిన్న జట్టులో చేరాడు. బ్రండిల్ కూడా అదే ఏడాది టిరెల్ జట్టు ద్వారా ఫార్ములా వన్‌లో ప్రవేశించాడు. జూన్ 3న మొనాకోలో జోరువానలో 13వ స్థానం నుండి బయలుదేరిన సెన్నా, పోటీ నిలిపివేసే సమయానికి రెండవ స్థానానికి చేరుకొని అందరినీ ఆశ్చర్యపరిచాడు. 1985లో లోటస్ జట్టుకు మారి, ఏప్రిల్ 21న పోర్చుగల్‌లోని ఎస్టోరిల్‌లో, అదీ వానలోనే, తొలి విజయం సాధించాడు.

1988లో మెక్‌లారెన్ జట్టులో ఫ్రాన్సుకు చెందిన అలెన్ ప్రోస్ట్ సహచరుడు. ఆ ఏడాది 16 పోటీలలో 15 ఆ జట్టే గెలిచింది. మొత్తం పాయింట్లు ప్రోస్ట్‌కే ఎక్కువ వచ్చినా, ఉత్తమమైన 11 ఫలితాలనే లెక్కించే నియమం వల్ల సెన్నా విజేత అయ్యాడు. 1983లో వలెనే ఇక్కడా నియమం అతనికి కలిసివచ్చింది. 1989లో జపానులోని సుజుకాలో ఇద్దరి కార్లు ఢీకొన్నాయి. సెన్నా ఆ పోటీలో ముందుగా ముగించినా అనర్హుడిగా ప్రకటించబడ్డాడు. ప్రపంచ విజేత స్థానం ప్రోస్ట్‌కు దక్కింది. 1990లో అదే సుజుకాలో మొదటి మలుపులో సెన్నా ప్రోస్ట్ కారును ఢీకొన్నాడు. అది ఉద్దేశపూర్వకమేనని మరుసటి ఏడాది ఒప్పుకున్నాడు. ఔల్టన్ పార్క్ సంఘటన తెలిసినవారికి ఇది పూర్తిగా కొత్త విషయంగా తోచదు. ఎంత అభిమానులైనా ఈ ఒక్క పనిని సమర్థించడం కష్టం.

1991లో గేరుపెట్టె చెడిపోయి చివరికి ఒకే గేరుతో నడుపుతూ స్వదేశంలో ఇంటర్లాగోస్‌లో మొదటిసారి గెలిచాడు. మొనాకోలో మొత్తం ఆరుసార్లు విజయం సాధించాడు. 1993లో డోనింగ్‌టన్‌లో వానలో మొదటి చుట్టులోనే ఐదవ స్థానం నుండి మొదటి స్థానానికి రావడం ఇతని శక్తిసామర్థ్యాలకు పరాకాష్ఠగా చెబుతారు.

మరణము

1994లో విలియమ్స్ జట్టులో చేరాడు. ఇటలీలోని ఇమోలాలో ఏప్రిల్ 29న రూబెన్స్ బారికెల్లో తీవ్ర ప్రమాదం నుండి బయటపడ్డాడు. మరునాడు ఆస్ట్రియాకు చెందిన రోలాండ్ రాట్జెన్‌బర్గర్ మరణించాడు. మే 1న జరిగిన పోటీ ఏడవ చుట్టులో టాంబురెల్లో మలుపు వద్ద సెన్నా కారు గోడను ఢీకొన్నది. తలకు తగిలిన గాయాలతో అదే రోజు బొలోన్యా ఆసుపత్రిలో మరణించాడు. అప్పటికి వయసు 34 సంవత్సరాలు. అతని కారులో ఆస్ట్రియా దేశపు జెండా దొరికింది. గెలిస్తే రాట్జెన్‌బర్గర్ స్మృత్యర్థం దానిని ఎగురవేయాలని భావించాడని తరువాత తెలిసింది. బ్రెజిల్ ప్రభుత్వం మూడు రోజులు సంతాపదినాలు ప్రకటించింది. సావో పాలోలోని మొరుంబీ శ్మశానవాటికలో అంత్యక్రియలు జరిగాయి. శవపేటిక మోసినవారిలో ప్రోస్ట్ కూడా ఉన్నాడు.

ఈ రెండు మరణాల తరువాత ఫార్ములా వన్ పందెపు మార్గాలలోనూ, కార్ల నిర్మాణంలోనూ రక్షణ నియమాలు కఠినతరం చేయబడ్డాయి. అక్క వివియాన్ 1994లోనే అయర్టన్ సెన్నా సంస్థను స్థాపించి, బ్రెజిల్‌లోని పిల్లల విద్య కొరకు కృషి చేసింది. ఆమె కుమారుడు బ్రూనో సెన్నా కొన్నేళ్ళు పందెములకు దూరంగా ఉంచబడి, తరువాత 2005, 2006లలో మేనమామ నడిచిన బ్రిటిష్ ఫార్ములా త్రీ దారిలోనే వచ్చాడు. 2010లో హిస్పానియా జట్టు ద్వారా ఫార్ములా వన్‌లో ప్రవేశించినపుడు అతని సహచరుడు మన దేశానికి చెందిన కరుణ్ చందోక్.