సరిచూడటం ఎలాగో చెప్పే హాల్డేన్ జీవితం

కాకినాడ రంగరాయ వైద్య కళాశాల పేరు యానాంలోని, ఒడిశాలోని తెలుగు కుటుంబాలకు కొత్త కాదు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూసిన ఒక శాస్త్రవేత్త భౌతికకాయం, ఆయన కోరిక ప్రకారమే, విద్యార్థుల చదువు కోసం ఆ కళాశాలకు చేరింది. ఆయనే జె.బి.ఎస్. హాల్డేన్. ఇంగ్లండులో పుట్టి, మన దేశ పౌరుడైన వ్యక్తి. జన్యుశాస్త్రం చదివినవారికి ఆయన పేరు పరిచయమే. నీటి అడుగుకు వెళ్లే మనుషుల ప్రాణాల కోసం ఆయన పడిన పాట్లు మాత్రం మన పిల్లలకు అంతగా తెలియవు.

హాల్డేన్ 1892 నవంబరు 5న ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ గాలి మీద, ఊపిరి మీద పరిశోధన చేసినవారు. ఆయన కొడుకును గనుల్లోకి వెంటబెట్టుకుని వెళ్లేవారు. ఒకసారి గనిలో నిలబెట్టి, షేక్‌స్పియర్ నాటకంలోని ఒక ప్రసంగాన్ని అప్పజెప్పమన్నారు. కాసేపటికే పిల్లవాడు తూలి కింద పడ్డాడు. నేల దగ్గరికి రాగానే తేరుకున్నాడు. మీథేన్ గాలికన్నా తేలిక, పైకప్పు దగ్గర చేరుతుంది. ఆ పాఠం హాల్డేన్ జీవితాంతం మరువలేదు.

1906లో తండ్రి స్కాట్లండ్ తీరంలో నౌకాదళ గజ ఈతగాళ్లతో ప్రయోగాలు చేశారు. లోతు నుంచి ఒక్కసారిగా పైకి వస్తే రక్తంలో కరిగిన నత్రజని బుడగలై ప్రాణం తీస్తుంది. ఎంత లోతు నుంచి, ఎక్కడెక్కడ ఆగుతూ పైకి రావాలో చెప్పే పట్టికలను ఆయన 1908లో ప్రచురించారు. ఆ ప్రయోగాల్లో 13 ఏళ్ల కొడుకునూ నీటిలోకి దింపారు. డైవింగ్ సూటు పెద్దవాళ్ల కొలతలది. పిల్లవాడి మణికట్టు దగ్గర వదులుగా ఉండి నీరు లోపలికి చేరింది. చలికి వణికిపోతూ పైకి వచ్చాడు. దింపేముందు మణికట్టు దగ్గర పట్టు సరిచూసి ఉంటే ఆ తిప్పలు తప్పేవి.

పెద్దయ్యాక హాల్డేన్ మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా పోరాడారు. తర్వాత కేంబ్రిడ్జిలో, లండన్‌లో పాఠాలు చెప్పారు. 1939 జూన్ 1న జరిగిన ఒక ప్రమాదం ఆయన్ను మళ్లీ నీటి వైపు మళ్లించింది.

ఆ రోజు లివర్‌పూల్ సమీప సముద్రంలో థెటిస్ అనే కొత్త జలాంతర్గామి పరీక్షకు వెళ్లింది. అందులో 103 మంది ఉన్నారు. టార్పెడో గొట్టం లోపలి తలుపు తీసేముందు, గొట్టంలో నీరు ఉందో లేదో చూడటానికి ఒక చిన్న కుళాయి ఉంటుంది. దాన్ని తిప్పితే నీరు రాకపోతే గొట్టం ఖాళీ అన్నమాట. అధికారి తిప్పి చూశారు. నీరు రాలేదు. తలుపు తీశారు. సముద్రం లోపలికి దూసుకొచ్చింది. గొట్టం బయటి మూత తెరిచే ఉంది. కుళాయి రంధ్రం మాత్రం రంగు గడ్డకట్టి పూడిపోయింది. 99 మంది చనిపోయారు. నలుగురే బయటపడ్డారు.

ఇక్కడ సరిచూడలేదని ఎవరినీ అనలేం. సరిచూశారు. సరిచూసే సాధనం పనిచేస్తోందా అన్నదే చూడలేదు. రంధ్రంలో పుల్ల పెట్టి తిప్పి ఉంటే తెలిసిపోయేది.

చనిపోయినవారిలో కార్మికులూ ఉన్నారు. లోపల చిక్కుకున్నవారికి ఏమైందో తేల్చమని కార్మిక సంఘాలు హాల్డేన్‌ను కోరాయి. ఆయన కొందరు స్వచ్ఛంద సేవకులతో ఉక్కు గదిలో తలుపు బిగించుకుని గంటల తరబడి కూర్చున్నారు. వదిలిన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ పేరుకున్నకొద్దీ రొప్పు, విపరీతమైన తలనొప్పి వచ్చాయి. యుద్ధకాలంలో నౌకాదళం కోసం ఈ ప్రయోగాలు కొనసాగాయి. అధిక పీడనంలో ఆక్సిజన్ పీల్చినప్పుడు వచ్చిన మూర్ఛలో హాల్డేన్ వెన్నుపూసలు దెబ్బతిన్నాయి. ఆ నొప్పి ఆయన్ను ఎన్నో ఏళ్లు బాధించింది. కర్ణభేరికీ చిల్లు పడింది.

మరో ప్రయోగం ఉపాధ్యాయులకు ఆసక్తి కలిగిస్తుంది. అధిక పీడనంలో గాలి పీలుస్తూ నోటిలెక్కలు చేయించారు. నత్రజని మత్తులో మామూలు లెక్కలు కూడా తప్పాయి. అందుకే లోతుకు వెళ్లాక చూసుకుందాం అంటే కుదరదు. చూడవలసినదంతా తల తేటగా ఉన్నప్పుడు, ఒడ్డున ఉండగానే చూసుకోవాలి.

నేటి స్కూబా డైవర్లు చేసేది అదే. ఇద్దరిద్దరు జతగా నిలబడి, ఒకరి సరంజామా ఒకరు చూస్తారు. జాకెట్‌లోకి గాలి ఎక్కుతోందా, దిగుతోందా? బరువులు సరిగా ఉన్నాయా? బకిల్స్ ఎలా ఊడతాయో జతగాడికి తెలుసా? ఆఖరున గాలి. సిలిండర్ వాల్వ్ ఒకసారి తెరిచి మూసేసినా, గొట్టంలో మిగిలిన గాలి వల్ల గేజ్ ముల్లు నిండుగానే చూపిస్తుంది. థెటిస్ కుళాయి లాగే అదీ మోసం చేస్తుంది. అందుకే ముల్లును చూస్తూ కొన్నిసార్లు ఊపిరి పీలుస్తారు. ముల్లు పడిపోతే, వాల్వ్ సరిగా తెరవలేదని తెలుస్తుంది.

1957లో హాల్డేన్ కలకత్తాలోని భారత గణాంక సంస్థకు వచ్చారు. ఆ తర్వాత భువనేశ్వర్‌లో స్థిరపడ్డారు. ఆయన శిష్యుల్లో మన తెలుగువారు ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. గురువు జీవిత చరిత్రను రాసింది ఆయనే.

భాగహారం చేసిన పిల్లవాడు అదే లెక్కను మళ్లీ అదే దారిలో చేస్తే, చేసిన తప్పే మళ్లీ చేయవచ్చు. అందుకే విభాజకాన్ని భాగఫలంతో గుణించి, శేషం కలిపి చూడమంటాం. సరిచూడటానికి వేరే దారి ఎందుకని ఈసారి పిల్లలు అడిగితే, థెటిస్ కథ చెప్పండి. ఇంట్లో అమ్మానాన్నలూ చెప్పవచ్చు.