తెరవెనుక పరిశ్రమించిన బ్రామ్ స్టోకరు

నాటకము ముగిసి తెర పడినంతనే ప్రేక్షకులు కరతాళధ్వనులు గావింతురు. రాజవేషము ధరించినవాని పేరు మఱునాడు ఊరెల్ల మాఱుమ్రోగును. కాని సకాలమున తెర యెత్తినవారెవరు, దీపముల వెలుగు తగ్గించి వెన్నెలను కల్పించినవారెవరు, వేషధారి చేతికి ఖడ్గమందించినవారెవరు, టిక్కెట్ల సొమ్ము లెక్కించి పనివాండ్రకు జీతములు పంచినవారెవరు అని యడుగువారు మిక్కిలి అరుదు. మన పూర్వనాటకములలో సూత్రధారుడు మొదట రంగమునకు వచ్చి, కథను ప్రస్తావించి, తప్పుకొనును. పిదప నాటకము సాగుచున్నంతసేపు అతని జాడ కానరాదు. ఆధునిక కాలమున అట్టి మఱుగుపడిన సేవకు తన జీవితములో మేలిభాగమును ధారపోసినవాడు బ్రామ్ స్టోకరు. డ్రాకులా యను నవల వ్రాసినవాడుగా లోకము అతనిని ఎఱుగును. అయితే నవలలు వ్రాయుట అతనికి తీరిక వేళల పని. నాటకశాలను నిర్వహించుట అతని వృత్తి. ఆ వృత్తిలో అతడు ఒక్క నటుని చెంతనే 27 సంవత్సరములు గడపెను.

స్టోకరు 1847వ సంవత్సరము నవంబరు 8వ తేదీని ఐర్లండు దేశమున డబ్లిను నగరమునకు సమీపమందలి క్లొంటార్ఫులో జన్మించెను. ఏడుగురు బిడ్డలలో అతడు మూడవవాడు. తండ్రి డబ్లిను కోటలోని ప్రభుత్వ కచ్చేరిలో ఉద్యోగి. శైశవమున నేదియో వ్యాధి సోకి, ఏడేండ్లు వచ్చువఱకు ఆ బాలుడు నిలువనైనను నేర్వలేదు. మంచముపై పడియున్న కుమారునకు తల్లి తన బాల్యమున స్లైగో పట్టణమున ప్రబలిన కలరా ఉపద్రవమును గూర్చియు, జానపదుల భూతప్రేతములను గూర్చియు కథలు చెప్పుచుండెను. తరువాత అతడు ఆరోగ్యవంతుడై, చూచువారు ఆశ్చర్యపడునంత దృఢకాయుడయ్యెను. డబ్లినులోని ట్రినిటీ కళాశాలలో చదువుచు వ్యాయామక్రీడలలో బహుమానములు గడించెను. అచటి రెండు ప్రసిద్ధ విద్యార్థి సభలలోను అగ్రస్థానము నధిష్ఠించెను. 1870లో పట్టభద్రుడయ్యెను.

తండ్రి నడచిన త్రోవనే కుమారుడును ప్రభుత్వోద్యోగమున ప్రవేశించెను. క్రమముగా గ్రామప్రాంతములలోని చిన్న న్యాయస్థానములను తనిఖీచేయు అధికారి అయ్యెను. ఆ న్యాయస్థానముల గుమాస్తాలు ఏ కాగితము నెక్కడ నుంచవలెనో, ఏ పద్దును ఎట్లు వ్రాయవలెనో ఒక పద్ధతి లేకుండెను. స్టోకరు ఆ విధులన్నింటిని సమకూర్చి ఒక గ్రంథము రచించెను. అది 1879లో అచ్చయ్యెను. చదువుటకు రుచించు గ్రంథము కాదు. అయినను పదుగురు చేయు పనిని ఒక క్రమమునకు తెచ్చు నేర్పు అతనికి ఇచటనే అలవడెను. కచ్చేరిలో నేర్చిన ఈ విద్యయే నాటకశాలలో అతనికి పెట్టుబడి యయ్యెను.

స్టోకరునకు నాటకములన్న మిక్కిలి ప్రీతి. హెన్రీ ఇర్వింగు అను ఆంగ్లనటుడు 1871లో డబ్లినులో నటింపగా, నగర పత్రికలు అతని నటనను పట్టించుకొనలేదు. ఆ లోపము స్టోకరును బాధించెను. అతడొక సాయంకాల పత్రిక యజమానిని కలిసికొని, జీతము లేకుండ నాటక విమర్శలు వ్రాయుదునని యొప్పుకొని, పగలు కచ్చేరిలో పని చేయుచు, రాత్రులు నాటకములు చూచి విమర్శలు వ్రాయసాగెను. 1876లో ఇర్వింగు హామ్లెట్ పాత్ర ధరించి మరల డబ్లినునకు వచ్చెను. స్టోకరు విమర్శ చదివి, అతనిని విందునకు పిలిపించెను. కొన్నాళ్లకు మఱియొక విందులో ఇర్వింగు ఒక హంతకుని మనోవేదనను వర్ణించు పద్యకావ్యమును వినిపింపగా, స్టోకరు తన్ను తాను నిలువరించుకొనలేక విలపించెను. ఆ రాత్రి మొదలుకొని వారిరువురు మిత్రులైరి.

1878లో ఇర్వింగు లండనులోని లైసియం నాటకశాలను స్వయముగా నడుపుటకు తీసికొని, స్టోకరును నిర్వాహకుడుగా రమ్మనెను. ఒకవంక నెలనెలకు తప్పక ముట్టు జీతమును, ముసలితనమున పింఛనును గల సర్కారు కొలువు; మఱియొకవంక ఒక్క నాటకము విఫలమైన కుప్పకూలగల నాటకశాల. ఏ తలిదండ్రులైనను ఏ సలహా నిత్తురో ఊహించుట కష్టము కాదు. స్టోకరు కొలువునకు రాజీనామా నిచ్చెను. డిసెంబరు 4వ తేదీని ఫ్లోరెన్సు బాల్కోంబును వివాహమాడెను. ఆ నెల 30వ తేదీ రాత్రి లైసియములో హామ్లెట్ ప్రదర్శనముతో తెర లేచునప్పటికి అతడు తన స్థానమున నిలిచియుండెను.

ఇచ్చట ఆ నాటకశాలలోని పని విభాగమును తెలిసికొనుట మంచిది. ఇర్వింగు నాటకములను ఎన్నుకొని, ప్రధానపాత్రలు ధరించి, అన్నింటికిని తానే యజమానుడై యుండెను. లవ్‌డే అను నతడు రంగనిర్వాహకుడు. తెరకు లోపలిదెల్ల అతని బాధ్యత. నటులను సకాలమున సమకూర్చి అభ్యాసములు నడపుట, ప్రతి మాటకును ప్రతి కదలికకును తగినట్లు తెరలు, దీపములు, వాద్యములు, వస్తువులు సిద్ధముగా నుండునట్లు చూచుట అతని పని. ఆ దినములలో లైసియము వెలుగునకు గ్యాసు దీపములే ముఖ్యాధారము. వెలుగు ఎప్పుడు హెచ్చవలెనో ఎప్పుడు తగ్గవలెనో పరీక్షించుటకు, ప్రదర్శనము ముగిసి నటులు ఇండ్లకు పోయిన పిమ్మట అర్ధరాత్రి దాటువఱకు దీపములకే వేఱుగా అభ్యాసములు జరుగుచుండెను.

తెరకు వెలుపలిదెల్ల స్టోకరు బాధ్యత. టిక్కెట్ల అమ్మకము, జమాఖర్చులు, జీతములు, ప్రకటనలు, ద్వారపాలకులు, యాత్రల ఏర్పాటు, యజమానుని ఉత్తరప్రత్యుత్తరములు అన్నియు అతని చేతిమీదుగా జరుగవలసినవే. ఆ కాలములో తాను వ్రాసిన ఉత్తరములు సుమారు 5 లక్షలుండునని అతడే అంచనా వేసికొనెను. సాయంకాలమగునప్పటికి ఎఱ్ఱని గడ్డముగల ఆ భారీమనిషి శుభ్రవస్త్రములు ధరించి మెట్లపై నిలిచి వచ్చినవారికి స్వాగత మిచ్చుచుండెను. ఎవరికి ఎక్కడ కూర్చుండ తగునో, ఎవరిని ఏ మాటతో శాంతింపజేయవలెనో అతనికి చక్కగా తెలియును.

అతని కార్యదక్షతకు ఒక్క ఉదాహరణము చాలును. 1880 ఫిబ్రవరి 14వ తేదీని వెనిసు వర్తకుడు నాటకము 100వ పర్యాయము ప్రదర్శింపబడెను. ఆ రాత్రి రంగముమీదనే 350 మంది అతిథులకు విందు చేయవలెనని ఇర్వింగు కోరెను. తెర పడిన గంటలోపల వెనిసు నగరము మాయమై, దాని స్థానమున ఎఱుపు తెలుపు వస్త్రముల డేరాయు, భోజనపు బల్లలును, వడ్డించువారును ప్రత్యక్షమైరి. అతిథులకది ఇంద్రజాలము. ఏ వస్తువు ఎవరు తీయవలెనో, ఏది ఎక్కడ నుంచవలెనో ముందుగనే నిర్ణయించినవారికి అది లెక్క.

1885లో ఫౌస్టు నాటకమును ప్రదర్శించినప్పుడు, ద్వంద్వయుద్ధములో కత్తులు తాకినప్పుడెల్ల నిప్పురవ్వలు రాలునట్లు విద్యుచ్ఛక్తిని ఉపయోగించిరి. 1883 మొదలు 1904 వఱకు ఆ నాటకసమాజము అమెరికాలో 8 పర్యాయములు సంచరించెను. నటులు, పనివాండ్రు, తెరలు, దుస్తులు ఓడలపైని, రైళ్లపైని వేలకొలది మైళ్లు సాగవలెను. మంచు కురిసి బండి నిలిచినను, ప్రకటించిన వేళకు తెర లేవవలెను. ఈ భారమంతయు మోయుచుండియే స్టోకరు న్యాయశాస్త్రము చదివి 1890లో బారిష్టరు పట్టము పొందెను. 1882లో థేమ్సు నదిలో ఒకడు ప్రాణత్యాగమునకై దుమికినప్పుడు, పడవపై నున్న స్టోకరు తానును దుమికి అతనిని గట్టునకు చేర్చెను. ఆ వ్యక్తి బ్రతుకలేదు. అయినను ఆ సాహసమునకు రాయల్ హ్యుమేను సంఘము కంచుపతకము నిచ్చి స్టోకరును గౌరవించెను.

సెలవుదినములలో కూర్చిన డ్రాకులా నవల 1897లో వెలువడెను. అది పిశాచకథయే. కాని ఆ పిశాచమును జయించినవారి ఆయుధములేవో గమనింపుడు. దినచర్యలు, ఉత్తరములు, రైళ్ల వేళలు వారు పోగుచేసి, వరుసగా అమర్చి, చదివి, పిదప బయలుదేరుదురు. నిర్వాహకుని చేతివ్రేళ్ల జాడ ఆ గ్రంథమంతట కనబడును.

మఱుసటి సంవత్సరముననే కష్టకాలము ప్రాప్తించెను. 1898 ఫిబ్రవరి 18వ తేదీని, నాటకశాల తెరలు దాచియుంచిన గిడ్డంగి అగ్నికి ఆహుతి యయ్యెను. 44 నాటకముల రంగసామగ్రి భస్మమయ్యెను. దాని వెల 30,000 పౌనులకు తక్కువ కాదు. అంతకు పూర్వము స్టోకరు దానిని 10,000 పౌనులకు భీమా చేయించియుండెను. కాని ఖర్చు తగ్గింపుడని యజమానుడాజ్ఞాపింపగా ఆ భీమాను 6,000 పౌనులకు దించవలసి వచ్చెను. కొద్దిపాటి పొదుపు ఎంతటి నష్టమును తెచ్చెనో చూడుడు. అదే సంవత్సరమున ఇర్వింగు జబ్బుపడెను. అటుపిమ్మట స్టోకరు సలహా తీసికొనకయే ఇర్వింగు లైసియమును ఒక కంపెనీకి అప్పగించెను. 1902లో ఆ నాటకశాలలో వారి ప్రదర్శనములు అంతమయ్యెను.

1905 అక్టోబరు 13వ తేదీ రాత్రి బ్రాడ్‌ఫర్డు పట్టణమున నటించి బసకు వచ్చినంతనే ఇర్వింగు మరణించెను. అతని అస్థులను రాజులు, కవులు పరుండిన వెస్టుమినిస్టరు ఆలయమున నిక్షేపించిరి. అతని మరణశాసనములో మాత్రము 27 సంవత్సరములు సేవించిన మిత్రునకు ఏమియు లేదు. స్టోకరు దీనిని గూర్చి లోకమున ఫిర్యాదు చేయక, 1906లో ఇర్వింగు స్మృతులను రెండు సంపుటములుగా ప్రకటించెను. ఆ సంవత్సరమే పక్షవాతము సోకెను. పింఛను లేనందున రోగములో సైతము కలమునే నమ్ముకొనవలసి వచ్చెను. 1911లో పేద రచయితల సహాయనిధి నుండి 100 పౌనులు పొందెను. 1912 ఏప్రిలు 20వ తేదీని లండనులో కన్నుమూసెను. టైటానికు ఓడ మునిగి అప్పటికి అయిదు దినములే. పత్రికలన్నియు ఆ వార్తతోనే నిండియుండుటచే అతని మరణము పెక్కురి దృష్టికి రాలేదు. తెరవెనుక బ్రదికినవాడు తెరవెనుకనే నిష్క్రమించెను.

విద్యార్థులారా, మీలో కొందఱు వేషము వేయుటకు ముందుకు వత్తురు. కొందఱు తెరత్రాడు పట్టుకొని నిలుతురు. ఈ రెండవ పని చిన్నదని తలంపకుడు. దానిని వృత్తిగా గ్రహింపగోరువారు స్టోకరు జీవితమునుండి నేర్వదగినవి కొన్ని కలవు. అందఱికంటె ముందుగ వచ్చి, అందఱి తరువాత పోవలెను. ప్రతివాని పనియు కొంత తెలిసియుండవలెను. తెలిసినదానిని జ్ఞాపకమునకు విడువక పుస్తకమున వ్రాసియుంచవలెను. ఆపద రాకమునుపే ఆపదను ఊహింపవలెను. యజమానుని ఆజ్ఞ నష్టహేతువని తోచినప్పుడు వినయముతోనే, అయినను స్పష్టముగా, అతనికి తెలుపవలెను. ఒక్క పోషకుని ఆదరమునే నమ్మక, మఱియొక విద్యయు చేతనుంచుకొనవలెను.

తలిదండ్రులారా, మీకును ఒక మాట. స్టోకరు సర్కారు కొలువు విడుచుట తప్పా ఒప్పా యని అడుగుదురేని, అతడు మనస్సునకు ప్రియమైన పనిలో జీవితము గడపెననుట సత్యమే. వృద్ధాప్యమున అతనికి ఆధారము లేకపోయెననుటయు సత్యమే. అట్టి మార్గమును కోరు కుమారుని అడ్డగింపనక్కఱలేదు. కాని జీతమును గూర్చియు, రాబోవు దినములను గూర్చియు వ్రాతమూలకమైన ఒప్పందము చేసికొనుమని చెప్పి పంపుట పెద్దల ధర్మము. స్నేహము ఎంత గొప్పదైనను, అది ఒప్పందపత్రము పని చేయజాలదు.