చిక్కిన దేహాలకు జీవం పోసిన బాంటింగ్

ఏటా నవంబరు 14న జరుపుకొనే ప్రపంచ మధుమేహ దినోత్సవం, ఇన్సులిన్ ఆవిష్కర్తలలో అగ్రగణ్యుడైన ఫ్రెడరిక్ బాంటింగ్ జన్మదినం. తిన్న తిండి ఒంటబట్టక, నానాటికీ చిక్కి శల్యమై కన్నుమూసే పసివారిని కాపాడలేక వైద్యలోకం నిస్సహాయంగా ఉన్న కాలంలో ఆయన జీవితం ఆరంభమైంది.

1891లో కెనడాలోని ఒంటారియో రాష్ట్రం, అలిస్టన్ సమీపాన ఒక రైతు కుటుంబంలో బాంటింగ్ జన్మించారు. 1916లో వైద్య పట్టా పొంది, మొదటి ప్రపంచ యుద్ధంలో సైనిక వైద్యుడిగా సేవలందించారు. 1918లో ఫ్రాన్సులోని కాంబ్రే వద్ద గాయపడినా క్షతగాత్రులకు చికిత్స కొనసాగించి, సాహస పతకం అందుకున్నారు. 1920లో లండన్ అనే కెనడా పట్టణంలో వైద్యశాల తెరిచారు గాని రోగులు అంతగా రాలేదు. జీవనం కోసం అక్కడి వైద్య కళాశాలలో బోధనకూ పూనుకున్నారు. ఆ ఏడాది అక్టోబరు చివరి రాత్రి, మరునాటి పాఠానికి సిద్ధమవుతూ చదివిన ఒక వ్యాసం ఆయన దృష్టిని క్లోమగ్రంథి వైపు మళ్లించింది.

క్లోమగ్రంథిని తొలగిస్తే కుక్కలకు మధుమేహం వస్తుందని 1889లోనే జర్మనీ శాస్త్రవేత్తలు నిరూపించారు. ఆ గ్రంథి స్రవించే ఇన్సులిన్ లేనప్పుడు రక్తంలోని గ్లూకోజ్ కండరాలకూ కొవ్వు కణాలకూ చేరదు. మూత్రంతో పాటు బయటకు పోతుంది. శక్తి కోసం శరీరం తన కొవ్వునూ కండనూ తానే కరిగించుకుంటుంది. అందుకే రోగికి ఆకలి, దాహం పెరిగినా బరువు తగ్గుతుంది. నాటి వైద్యులు ఆహారాన్ని తీవ్రంగా తగ్గించి ఆయువును కొంతకాలం పొడిగించేవారు. దాంతో రోగులు మరింత కృశించేవారు.

1921 వేసవిలో టొరంటో విశ్వవిద్యాలయంలో ఆచార్య మెక్లియాడ్ ప్రయోగశాలలో, విద్యార్థి చార్లెస్ బెస్ట్ తోడుగా బాంటింగ్ కుక్కలపై పరిశోధన సాగించారు. ఆ గ్రంథి సారాన్ని శుద్ధి చేసే పనిలో రసాయన శాస్త్రవేత్త కాలిప్ చేయి కలిపారు. 1922 జనవరి 11న, సుమారు 29 కిలోల బరువే ఉన్న 14 ఏళ్ల లియొనార్డ్ థాంప్సన్‌కు తొలి సూది వేశారు. అది అంతగా ఫలించలేదు. శుద్ధి చేసిన మందును జనవరి 23న ఇవ్వగా రక్తంలో చక్కెర తగ్గింది. అదే ఏడాది ఆగస్టులో అమెరికా విదేశాంగ మంత్రి కుమార్తె ఎలిజబెత్ హ్యూస్ సుమారు 20 కిలోల బరువుతో బాంటింగ్ వద్దకు వచ్చింది. కొద్ది నెలల్లోనే ఆమె బరువు రెట్టింపు దాటింది. ఆమె 73 ఏళ్లు జీవించింది.

1923లో బాంటింగ్, మెక్లియాడ్‌లకు నోబెల్ పురస్కారం లభించింది. వైద్యరంగంలో నేటికీ ఆయనే అతి పిన్న వయస్కుడైన నోబెల్ గ్రహీత. తన సొమ్ములో సగం ఆయన బెస్ట్‌కు పంచారు. ఇన్సులిన్ పేటెంట్ హక్కులు ఆవిష్కర్తలకు ఒక్కో డాలరు చెల్లించి విశ్వవిద్యాలయం స్వీకరించింది. 1941 ఫిబ్రవరిలో న్యూఫౌండ్‌లాండ్‌లో జరిగిన విమాన ప్రమాదంలో బాంటింగ్ తన 49వ ఏట అసువులు బాశారు.

ఆయన చేతుల మీదుగా తిరిగి వచ్చిన ఆ బరువు నేటి రోగులకూ ఒక పాఠం. ఇన్సులిన్ మొదలుపెట్టినవారిలో కొందరు లావెక్కుతారు. మూత్రంలో వృథా అయ్యే చక్కెర శరీరంలో నిలవడమూ, కోల్పోయిన కండ, కొవ్వు తిరిగి చేరడమూ అందుకు ముఖ్య కారణాలు. ఆ భయంతో మోతాదు మానేస్తే రక్తంలో ఆమ్లాలు పేరుకుని ప్రాణాపాయం కలగవచ్చు. వైద్యుని సలహాతో ఆహారం, వ్యాయామం, మోతాదు సరిచూసుకోవడమే శ్రేయస్కరం. అధిక బరువుతో వచ్చే రెండో రకం మధుమేహంలో మాత్రం బరువు తగ్గించుకుంటే ఇన్సులిన్ మరింత సమర్థంగా పనిచేస్తుంది. కృశించిన, స్థూలకాయులైన రోగుల భేదాన్ని సుశ్రుత సంహిత ఏనాడో గుర్తించింది.

సూరత్ మరమగ్గాల వాడల్లోనూ, సమీపంలోని కడోదరా పారిశ్రామిక ప్రాంతంలోనూ రేయింబవళ్లు శ్రమించే కార్మికులు ఒళ్లు తగ్గితే పని భారమేనని సరిపెట్టుకునే అవకాశముంది. తరచూ దాహం, అతిమూత్రం, అకారణంగా బరువు తగ్గడం ఒక్కసారిగా కనిపిస్తే ఆలస్యం చేయక రక్త పరీక్ష చేయించుకోవాలి. బాంటింగ్‌కు ముందు ఆ లక్షణాలు మరణశాసనం. నేడు అవి చికిత్సకు తొలి పిలుపు మాత్రమే.